తక్కువ ఊపిరివాడు గట్టు మీద

మా బావ నీళ్లలో మునిగి చనిపోయాడు. ఆ సమయంలో గట్టు మీద తాడు పట్టుకుని ఉన్నవాణ్ని నేను. ఇంతవరకు బంధువులందరికీ తెలిసిందే. మిగిలింది నాకూ అక్కకూ మాత్రమే తెలుసు. అక్క పోయిన ఏడాది చనిపోయింది.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం అది. మాకు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారి కొద్దికాలమే అయింది. నేను మదీనాగూడ దగ్గర చిన్న బడిలో పంతులును. నాకు ఇరవై ఏళ్లు. అమ్మానాన్నలు లేకపోవడంతో అక్కా బావా నాతోనే ఉండేవారు. బావ నగరంలో సైకిళ్లు బాగుచేసేవాడు. ఆయనా, రాళ్లు కొట్టే ఒక స్నేహితుడూ, బట్టలు కుట్టే ఇంకో స్నేహితుడూ, నేనూ ప్రతి ఆదివారం మాదాపూర్ దాటి గుట్టల్లోకి వెళ్లేవాళ్లం. అక్కడ నగరంలో బంగళాల కోసం రాయి కొట్టి తీసుకుపోయిన పెద్ద గుంత ఒకటి ఉండేది. పని ఆగిపోయాక అందులో ఊట నీరు నిండింది. వానాకాలంలో దగ్గరి చెరువు అలుగు పారినప్పుడు చేపలూ చేరాయి. అడుగంతా పగిలిన బండలు కాబట్టి వల వేస్తే చిరిగిపోయేది. కొర్రమట్ట చేపలు ఆ సందుల్లో దాక్కునేవి. వాటిని పట్టాలంటే మునిగి బల్లెంతో పొడవడం ఒక్కటే దారి. మాకు కావలసింది కూడా అదే. తిండి కోసం వెళ్లినవాళ్లం కాదు.

బల్లెం కమ్మరి చేసి ఇచ్చాడు. నీళ్లలో చూడడానికి బావ పాత సైకిల్ ట్యూబు కోసి, రెండు గాజు ముక్కలు అమర్చి, లక్కతో అతికి కళ్లద్దాలు చేశాడు. ఉన్నది ఒక్క జతే. అయినా మొదట్లో నలుగురం ఒకేసారి దూకేవాళ్లం. ఎవరు పైకి వచ్చారో, ఎవరు కింద ఉన్నారో ఎవరికీ పట్టేది కాదు. ఒకరోజు అటుగా పోతున్న ఒక ముసలాయన ఆగి మమ్మల్ని చూశాడు. చెరువుల్లో చేపలు పట్టి బతికిన మనిషి.

"ఏంది బిడ్డా గీ ఆట? నలుగురు లోపల్నే ఉంటే సచ్చినోన్ని తీసేదెవడు?"

"సావనీకి రాలే తాతా, చేపలకొచ్చినం," అన్నాడు బావ.

"చేపలు గూడ గట్లనే అనుకుంటయ్, వలల వడేదాంక."

ఆ రోజే ఆయన మాకు పద్ధతి నేర్పాడు. నీళ్లలో ఒక్కడే ఉండాలి. నడుముకు చేంతాడు కట్టుకోవాలి. రెండో కొస గట్టు మీదివాడి చేతిలో ఉండాలి. లోపలివాడు మునగగానే గట్టు మీదివాడు కూడా ఊపిరి బిగబట్టాలి. తన ఊపిరి ఇక ఆగనప్పుడు తాడు గుంజాలి. గుంజితే లోపలివాడు చేప కళ్ల ముందు ఉన్నా వదిలేసి రావాలి.

"మల్ల ఒకమాట. తక్కువ ఊపిరోడే గట్టు మీద కూసోవాలె. ఎందుకంటరా? నువ్వు ఊకె కూసున్నోనివి. వాడు లోపల పని జేస్తుండు. కూసున్నోని ఊపిరి ఎక్కువ సేపొస్తది. ఎక్కువ ఊపిరోడు కూసుంటె వాడు గుంజేటాలకు లోపలోడు సస్తడు."

నలుగురిలో తక్కువ ఊపిరి నాది. ఆ విధంగా తాడు నా చేతికి వచ్చింది. తాడు పట్టినవాడికి చేప తల ఇవ్వాలని మాలో మేమే ఒక రివాజు పెట్టుకున్నాం. గుంత పక్కనే మూడు రాళ్లు పెట్టి, కారం ఉప్పు వేసి వండుకునేవాళ్లం. రాళ్లు కొట్టే స్నేహితుడు తల నా ముందు పెట్టి, "తిను పంతులు, మా పానాలు తింటున్నవ్," అనేవాడు. అంత నిశ్చింతగా నేను నవ్వింది ఆ రోజుల్లోనే.

ఆ ఎండాకాలంలో నీళ్లు తగ్గాయి. ఉత్తరం వైపు బండ కింద ఒక పెద్ద కొర్రమట్ట కనబడింది. మూడు ఆదివారాలు బావ దాని కోసమే మునిగాడు. మూడుసార్లూ సరిగ్గా బల్లెం ఎత్తే వేళకు నేను తాడు గుంజాను. మూడోసారి ఆయన పైకి వచ్చి కళ్లద్దాలు తీసి నా మీద నీళ్లు చల్లాడు.

"ఏం ఊపిరిరా బామ్మర్ది నీది? కోడిపిల్లది గూడ నీకంటె నయం."

"తాత చెప్పినట్లే గుంజిన బావా."

"తాత చెప్పిండు గని, చేపకు జర మొకం జూపియ్యనీయవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ మాటే గుచ్చుకుంటూ ఉంది. బావంటే నాకు ఇష్టం. ఆయనకు ఆ చేప దక్కనివ్వనివాణ్ని నేనే అనిపించింది.

మర్నాటి నుంచి బడి అయ్యాక వాకిట్లో కూర్చుని ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ లెక్కపెట్టేది. అప్పటికి ఆమెకు ఐదో నెల. మొదటి రోజు అరవైకే ఆగిపోయాను. "గింతేనా తమ్మీ? మీ బావ ఊకె అంటలేడు," అంది. నెల తిరిగేసరికి నూట ముప్పై దాటించాను. అక్క చేట పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. బావకు చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. గుంత దగ్గర ఆయన్ని ఒకేసారి ఆశ్చర్యపరచాలని నా కోరిక; అందుకే ఆ నెలంతా అక్కడ పాత వేళకే గుంజాను.

తక్కువ ఊపిరివాడు గట్టు మీద ఎందుకు ఉండాలో ముసలాయన విడమరచి చెప్పాడు. నేను పిల్లలకు చదువు చెప్పేవాణ్ని. అయినా నాకు తట్టలేదు.

నూట ముప్పై దాటిన తర్వాతి ఆదివారం మిగతా ఇద్దరూ కట్టెల కోసం గుట్ట అవతలికి వెళ్లారు. బావ నీళ్లలో నిలబడి గబగబా ఇరవై ముప్పైసార్లు ఊపిరి పీల్చి వదిలాడు. అట్లా చేస్తే లోపల ఎక్కువసేపు ఉండొచ్చని మా అందరి నమ్మకం. చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. అట్లా చేస్తే ఊపిరి పెరగదట. పైకి రావాలని శరీరం చేసే హెచ్చరిక మాత్రం ఆలస్యమవుతుందట. హెచ్చరిక అందకముందే మనిషికి స్పృహ తప్పుతుందట. ఆ పేజీ చదివిన రోజు నేను అన్నం తినలేదు.

"ఇయ్యాల దాని సంగతి జూస్త. జల్ది గుంజకు బామ్మర్ది, నీకు దండం బెడ్త," అని మునిగాడు.

నేనూ ఊపిరి బిగబట్టాను. తాడు కొంచెం కొంచెంగా జారి ఆగింది. ఇదివరకు గుంజే వేళ వచ్చింది, దాటిపోయింది. నాకు ఇబ్బందేమీ లేదు. నీళ్ల పైకి పెద్ద బుడగలు వచ్చాయి. తర్వాత రావడం ఆగిపోయింది. చేప దొరికి ఉంటుందనుకున్నాను. ఇక కోడిపిల్ల అనలేడనుకున్నాను. బుడగలు ఆగిన తర్వాత కూడా నా ఊపిరి మిగిలే ఉంది. దాన్ని చివరిదాకా వాడుకున్నాను.

గుంజితే ఎప్పుడూ అవతల నుంచి ఒక కదలిక తెలిసేది, కాళ్లు ఆడించడం తెలిసేది. ఆ రోజు గుంజితే నీళ్లలో నానిన మూట లాగినట్టు వచ్చింది.

నా కేక విని మిగతా ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కాం. నీళ్లు వచ్చాయి. ఎడ్ల బండిలో దవాఖానకు తీసుకెళ్లాం. దారిలో కుట్టుపని చేసే స్నేహితుడు బావ పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. దవాఖానలో ఆ స్నేహితుడి చేతులు పట్టి ఆపాల్సి వచ్చింది.

ముసలాయన కబురు విని మూడో రోజున మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని అడిగాడు.

"తాడెవలు వట్టిండ్రు?"

"నేనే."

"ఎప్పుడు గుంజినవ్?"

"నా ఊపిరి ఆగనప్పుడు."

అది నిజమే. అక్కడితో ఆపి ఉండవచ్చు. కానీ ఆయన, "మరెందుకు రాలే?" అన్నాడు. అప్పుడు నేను, "గుంజిన తాతా. రాలే. చేప వెంట వడ్డడు," అన్నాను.

ముసలాయన తల ఊపాడు. "ఆశ బిడ్డా. దానికి తాడేం జేస్తది," అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తలుపు వెనక అక్క ఉంది. నా ఊపిరి ఎంతసేపు ఆగుతుందో లోకంలో నేను కాక ఆమె ఒక్కతికే తెలుసు. ఆమె బయటకు వచ్చి ఆయన పక్కన మంచినీళ్ల చెంబు పెట్టింది. నా వైపు చూడలేదు. నూట ముప్పై సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ ఇంట్లో సంపాదించేవాణ్ని ఇక నేనొక్కణ్నే.

బావ ఆశకు పోయాడన్న మాట వారం తిరక్కముందే ఊరంతా పాకింది. మిగతా ఇద్దరు స్నేహితులూ నమ్మారు. రాళ్లు కొట్టేవాడు చాలా రోజులు నా దగ్గరికి వచ్చి ఊరుకోబెట్టేవాడు. "నీ తప్పేం లేదు పంతులు," అనేవాడు. అతని ఓదార్పు భరించలేక నేనే తప్పించుకు తిరగడం మొదలుపెట్టాను. అట్లా ముగ్గురం విడిపోయాం.

అక్కకు కొడుకు పుట్టాడు. తండ్రి గురించి వాడు విన్నదల్లా ఆ ఒక్క మాటే. నేను వాణ్ని చదివించాను, ఉద్యోగం వచ్చేదాకా వెంట ఉన్నాను. ఆ మాట మాత్రం సరిదిద్దలేదు. అక్కా సరిదిద్దలేదు. అరవై ఏళ్లకు పైగా కలిసే ఉన్నాం. కూరల గురించీ, కరెంటు గురించీ, పిల్లల జ్వరాల గురించీ మాట్లాడుకున్నాం.

ఇప్పుడు ఆ గుంత ఎక్కడ ఉండేదో కచ్చితంగా చూపించలేను. అక్కడంతా ఆఫీసులే. మేనల్లుడు తెల్లాపూర్‌లో ఇల్లు కొన్నాడు. మేమూ అక్కడికే మారాం. కాలనీలో ఈత కొలను ఉంది. వాడి మనవరాలు ఈత నేర్చుకుంటానంటే మేనల్లుడు నా ముందే, అక్క ముందే ఆ పిల్లకు చెప్పాడు.

"నేర్సుకో బిడ్డా. గని నీళ్లల్ల ఆశ పడొద్దు. మా నాయన గట్లనే పాయె. తాడు గుంజుతున్నా రాలేదంట."

వాడి గొంతులో కోపం లేదు, దుఃఖమూ లేదు. తండ్రిని చూసి ఎరగని వాడికి మిగిలిన ఒకే ఒక్క సంగతి అది.

అక్క చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని అడిగాను. "అక్కా, వానికి చెప్పనా?"

అక్క అంది. "ఇప్పుడు చెప్తే వాడు తండ్రిని కొత్తగ ఏడ్వాలె. మనిద్దర్ని ఏం జెయ్యాలె వాడు?"

ఆ మాటతో గోడవైపు తిరిగి పడుకుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే, నా ఊపిరి లెక్కపెట్టినందుకు ఆమె కూడా నన్ను అదే అడుగుతుందేమోనని భయపడ్డాను.