కూర్మారావు బాబాయి, నాలుగు వందల పన్నెండు రూల్సు

కూర్మారావు బాబాయి నోట్లోంచి ఏ మాట వచ్చినా రూలుగానే వస్తుంది. 'అయితే' దగ్గర బయలుదేరి 'అప్పుడు' దగ్గర దిగుతుంది. టీ ఇస్తే బాగుందనడు. "సల్లారిపోనాదయితే, అప్పుడు మళ్లీ ఎచ్చబెట్టు" అంటాడు. పెళ్లిచూపుల్లో కూడా, "పిల్లకి నచ్చినానయితే, అప్పుడు తాంబూలాలు. నచ్చనేదయితే, అప్పుడు సాయంత్రం బండికి టాటానగర్ ఎల్లిపోతాను" అన్నాడట. "ఆ బండే ఎక్కించేసుంటే నా పేనం సుఖంగా ఉండును" అని భద్రమ్మ పిన్ని నలభై ఏళ్లుగా అంటూనే ఉంది, టీ వెచ్చబెడుతూనే ఉంది.

ఆ టాటానగర్‌లో, అంటే మా జంషెడ్‌పూర్‌లో, ఆయనా మా నాన్నా ఒకే ఉక్కు కార్ఖానాలో ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. నాన్న కొలిమి దగ్గర, ఈయన టైమాఫీసు కిటికీ వెనక. హాజరు, సెలవు, బదిలీ, ఏ కాగితమైనా ఆ కిటికీలోంచే రావాలి. వచ్చేది కాదు. నాన్న ఉండుండి ఒకరోజు షిఫ్టు దిగొచ్చి, సైకిలు గోడకేసి కొట్టి అరిచేవాడు: "ఆ కూర్మారావుగాడిని ఎప్పుడు ఫారం అడిగినా అయిపోనాయి, రేపు రా అంటాడు! ఆడి కిటికీ కాలిపోను!" నాన్న అడిగేది సెలవు ఫారమనీ, కూర్మారావు బాబాయి చేతకాని గుమాస్తా అనీ నేనూ తమ్ముడూ తేల్చుకున్నాం. తర్వాత నాకు యూనివర్సిటీ చదువు అబ్బింది గానీ ఈ అభిప్రాయం మాత్రం మారలేదు.

రిటైరయిన మగవాళ్లు మా ఊళ్లో సాధారణంగా భక్తిలో పడతారు. ఈయన మెయిల్ సర్వర్‌లో పడ్డాడు. బిర్సానగర్‌లో కట్టుకున్న ఇంట్లో, సామాను గదిలో, బియ్యం డ్రమ్ముకీ ఆవకాయ జాడీకీ మధ్య ఒక పాత కంప్యూటరు పెట్టి, తెలుగు సంఘంలోని ఎనభై ఆరు కుటుంబాలకీ సంఘం పేరు మీద మెయిల్ అడ్రసులిచ్చాడు. ఆ ఇంట్లో ఫ్యాను దానికే తిరుగుతుంది, మనుషులకి విసనకర్ర. మా ఉత్తరాలన్నీ ఆ ఆవకాయ పక్కనుంచే రావాలి, పోవాలి.

ఊరికే మోసుకెళ్లే పనైతే దానికి కూర్మారావు బాబాయి ఎందుకు? ప్రతి ఉత్తరాన్నీ కార్ఖానా గేటు దగ్గర కూలివాణ్ణి ఆపినట్టు ఆపి, తడిమి చూసే రూల్సు రాశాడు. ఈ మాట ఉంటే ఈ డబ్బా, ఆ మాట ఉంటే ఆ డబ్బా. పెళ్లిపిలుపుల డబ్బా పేరు 'క్యాంటీన్', చావుకబుర్లది 'సైరన్'. లాటరీ తగిలిందని వచ్చే మోసాలన్నీ 'స్లాగ్ యార్డు'లోకి పోతాయి, అంటే కొలిమి చెత్త పారబోసే చోటికి. నిరుటికి రూల్సు నాలుగు వందల పన్నెండు.

మా తమ్ముడు రాజ్‌కిరణ్‌కి తెలుగు చెవిలోకి వెళ్తుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది. "చాచా, ఫ్రీ మెయిల్ లే లో న. సారీ దునియా వహీ చలాతీ హై."

"దునియా నూతిలో దూకినాదయితే, అప్పుడు నువ్వూ దూకుతావేటి?"

"చాచా, దునియా కా సర్వర్ తో చల్తా హై!" లోకం సర్వరయినా పనిచేస్తుందని వాడి ఎత్తిపొడుపు.

గొలుసు ఉత్తరాల రూలు మాత్రం మహత్తరమని ఒప్పుకోవాలి. పూజా కమిటీ సూర్యం రోజూ తెల్లారేసరికి ఒక దేవుడి బొమ్మ పంపి, 'దీన్ని పదకొండు మందికి పంపకపోతే అరిష్టం' అని బెదిరించేవాడు. భక్తంటే పక్కవాణ్ణి భయపెట్టడమేనని మా సంఘంలో చాలామంది నమ్మకం. బాబాయి రూలు రాశాడు: 'పదకొండు మందికి' అన్న మాట ఉన్నదయితే, అప్పుడు ఆ బొమ్మని పంపినవాడికే పదకొండు సార్లు తిప్పి పంపు.

మూడో రోజుకి సూర్యం లబోదిబోమంటూ వచ్చాడు. "దేముడు నా ఒక్కడికే వచ్చేత్తన్నాడు కూర్మారావూ! ముప్పైమూడు బొమ్మలు!"

"అదురుష్టవంతుడివి."

"మరి అరిష్టమో?"

"రోజుకి పదకొండు ఎల్లినాయా? నెక్క సరిపోనాది. అరిష్టం నేదు, ఎల్లు."

ఆ తర్వాత తిట్ల రూలు పుట్టింది. చెడ్డ మాటలున్న మెయిళ్లని పట్టాలట, దానికి జాబితా కావాలట. బాబాయికి తిట్లు రావు. ఒక ఆదివారం కూరలకని బయలుదేరిన నన్ను సాక్చి బజారులో చేపలమ్మే జోగమ్మ దగ్గరికి లాక్కుపోయాడు. చేతిలో టైమాఫీసు నాటి నోటుబుక్కు.

"జోగమ్మా, ఓ నాలుగు తిట్లు సెప్పు."

"ఏటి బావూ పొద్దున్నే? ఒంట్లో బాగున్నాదా?"

"పని మీద గావాల."

"కోపం రాకండా తిట్టెలాగొత్తాది? తిట్టేటి, సేపేటి, బుట్టలోంచి తీసిచ్చీడానికి?"

బాబాయి ఆలోచించాడు. "కోపం గావాలయితే, అప్పుడు..." అని గొణుక్కుని, ఒక రోహు చేప మొప్ప ఎత్తి చూసి, "ఇది మొన్నటిది" అన్నాడు.

అంతే. "నీ నోట్లో మన్నడ! నీ కళ్లు సితికిపోను! నా సేప మొన్నటిదంతావా సచ్చినోడా! నీ మొహాన పేడ కొట్ట!" బజారు ఆగిపోయింది. ఆటోలు ఆగిపోయాయి. బాబాయి చకచకా రాసుకుంటూ, "సితికిపోను... కాత్త నెమ్మదమ్మా, పేడ తరవాతేటి?" అన్నాడు. ఆ ప్రశ్నకి రెండో పేజీ నిండింది.

హిందీ తిట్లు ఆటోస్టాండులో దొరికాయి. వాటికి చేప కూడా అవసరం పడలేదు.

"లాటరీ మోసగాళ్లు శ్రీకాకుళం తిట్లు తిట్టరు కదా బాబాయ్?" అన్నాను తిరిగొస్తూ.

"తిట్టినారయితే?"

కొనని కూరల కోసం నేను మళ్లీ బజారు వైపు తిరిగాను.

ఇన్ని రూల్సున్న సర్వర్‌కి ఒక్కటే లోపం. అవసరానికి పనిచెయ్యదు. పెళ్లిపిలుపు అర నిమిషంలో చేరుతుంది. మనం పళ్లు కొరుకుతూ రాసిన ముఖ్యమైన ఉత్తరం మాత్రం ఎనిమిది గంటలు ఎక్కడో తిరిగి, 'సర్వర్ మొరాయించింది. కావాలంటే మళ్లీ పంపండి. తప్పు నాదే. కూర్మారావు' అన్న చీటీతో వెనక్కొచ్చేస్తుంది. శ్రీరామనవమి పందిరి ఎవరి వీధిలో వెయ్యాలన్న తగువులో సూర్యం, సంఘం ప్రెసిడెంటు చిన్నారావుకి పెద్ద ఉత్తరం రాశాడు. చిన్నారావు అదే పూట సూర్యానికి ఇంకా పెద్దది రాశాడు. రెండూ తిరిగొచ్చాయి. ఇద్దరూ మండిపడి, కూర్మారావుని కడిగెయ్యడానికి ఒకే ఆటోలో బిర్సానగర్ వెళ్లారు. కడిగేసి, ఒకే ఆటోలో తిరిగొచ్చారు, దారంతా ఆయన్నే తిట్టుకుంటూ. పందిరి రెండు వీధుల మధ్య లేచింది. నేనప్పుడు కూడా సర్వర్‌నే ఎగతాళి చేశాను.

మొన్న ఆగస్టులో నా వంతు వచ్చింది.

నేను తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నా చదువుకి ఈ ఊళ్లో దొరికిన ఉద్యోగం అదొక్కటే. ఆ రోజు స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ అందరి ముందూ, "శైలజాజీ, ఆప్ థోడా కమ్ సోచా కీజియే" అన్నాడు, కాస్త తక్కువ ఆలోచించమని. అందరూ నవ్వారు. పదకొండు గంటలకి రాజీనామా రాశాను, పన్నెండు పేరాలు. ఏడో పేరాలో ఆయన పీహెచ్‌డీ ఎవరి పుస్తకంలోంచి లేచొచ్చిందో పేజీ నంబర్లతో సహా పెట్టాను. కాలేజీ మెయిల్‌లో పంపితే గుమాస్తా చదువుతాడని సంఘం అడ్రసు నుంచి పంపాను.

మధ్యాహ్నం వరండాలో ప్రిన్సిపాల్ ఎదురై, "చాయ్ పియేంగీ?" అన్నాడు. ఎంత గుండెలు తీసిన బంటు, అనుకున్నాను. నాలుగింటికి కోపం దిగి, దాని జాగాలోకి భయం ఎక్కింది. ఉద్యోగం పోతే పోయింది. ఏడో పేరా చదివాక ఆ మనిషి నన్ను జంషెడ్‌పూర్‌లో ఇంకే కాలేజీ గుమ్మమూ ఎక్కనివ్వడు. ఆరింటికి వేరే ఊళ్ల కాలేజీల ప్రకటనలు వెతికాను. ఏడింటికి ఉత్తరం తిరిగొచ్చింది: 'సర్వర్ మొరాయించింది. తప్పు నాదే.'

బతికిపోయానని ఊరుకోవచ్చు. అంత బుద్ధి ఉంటే పన్నెండు పేరాలు రాస్తానా? ఆటో ఎక్కి బిర్సానగర్ వెళ్లాను, తిట్టడానికి.

"బాబాయ్! నీ సర్వర్ తీసుకెళ్లి నీ స్లాగ్ యార్డులోనే పారెయ్!"

"అలాగేలే అమ్మీ. కూకో."

బియ్యం డ్రమ్ము మీద కూర్చున్నాను. అప్పుడు కనిపించింది తెర. క్యాంటీన్, సైరన్, స్లాగ్ యార్డుల కింద నేనెన్నడూ వినని డబ్బా ఒకటుంది. పేరు 'ఫారాలు అయిపోయాయి'. అందులో సూర్యం పందిరి ఉత్తరం, చిన్నారావు పందిరి ఉత్తరం, మరో ఇరవై. అన్నిటికీ పైన నాది.

"ఇదేంటి?"

బాబాయి చెవి గోక్కున్నాడు. గుమ్మంలోంచి పిన్ని, "సెప్పీ. ఎన్నాళ్లు దాత్తావు?" అంది.

"తిట్టు ఉన్నాదయితే, ఇస్తీఫా ఉన్నాదయితే, అప్పుడు ఒక షిఫ్టు ఆపు. ఆనక తిప్పి పంపీ. అంతే రూలు."

"మరి సర్వర్ మొరాయించడం?"

"దానికేటి ఎరిక పాపం."

"ఇది నేరం బాబాయ్! పోస్టాఫీసువాడు చేస్తే జైల్లో పెడతారు. నా ఉత్తరం చదివావా?"

"నాను సదవను. రూలు సదువుతాది. నీది ఒక్కటీ పదకొండు రూల్సుకి తగిలినాది, సూర్యం రికార్డు పోనాది." నవ్వాపుకుని కీబోర్డు దగ్గరికి జరిగాడు. "నేరమే, కాదన్ను. నీ కాయితం నీది. గావాలన్నావయితే, అప్పుడు ఇప్పుడే పంపేత్తాను. టైమాఫీసులోనూ అంతే. ఇస్తీఫా ఫారానికి రొండోనాడు వచ్చినోడికి మారు మాటాడకండా ఇచ్చీసేవోణ్ణి."

"వచ్చేవాళ్లా రెండోనాడు?"

"ముప్పై నాలుగేళ్లలో నలుగురు."

"మా నాన్న?"

"మీ నాన్న పందొమ్మిది మాట్లొచ్చినాడు. అన్నీ మొదటిరోజులే."

నాన్న అడిగింది సెలవు ఫారం కాదన్నమాట, రాజీనామా ఫారం. దొరకని పందొమ్మిది ఫారాల మీద మా ఇల్లు నిలబడింది. వాటి మీదే నేను యూనివర్సిటీకి వెళ్లాను. అక్కడ నేర్చుకున్న తెలివితో ఇరవయ్యోది రాశాను.

"మరి ఊరంతా నిన్ను చేతకానివాడంటుంటే ఎలా ఊరుకున్నావు?"

"మొదటి రూలు సూపించు దానికి" అంది పిన్ని. బాబాయి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. పిన్నే వచ్చి మీట నొక్కింది. నాలుగు వందల పన్నెండింటిలో మొట్టమొదటిది: 'కూర్మారావుకి వచ్చిన ఉత్తరమయితే, అప్పుడు ఎన్ని తిట్లున్నా ఆపొద్దు.'

"ఎవుడో ఒకడి మీద దించుకోవాల కదా అమ్మీ" అన్నాడు బాబాయి.

నేను కళ్లు తుడుచుకోలేదు, నాకా అలవాటు లేదు. నా ఉత్తరాన్ని నా చేత్తోనే చెరిపేశాను. ఇప్పటికీ అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ప్రిన్సిపాల్ మారలేదు. ఆలోచించడం నేనూ తగ్గించలేదు.

ఆ రోజు ఇల్లు చేరగానే బాబాయికో మెయిల్ రాశాను. జోగమ్మ రెండు పేజీలూ గుర్తున్నంత మేరకు వాడి, నాన్న తరఫున 'నీ కిటికీ కాలిపోను' అని ముగించాను. ఎప్పుడూ మొరాయించే సర్వర్ దాన్ని అర సెకనులో చేర్చింది. జవాబు కూడా అప్పుడే వచ్చింది:

'కోపం దిగినాదయితే, అప్పుడు ఆదివారం చేపల పులుసుకి రా. చేప మాత్రం నువ్వే తేవాలి. జోగమ్మకి ఇంకా దిగలేదు.'