న్యూట్రల్‌లో ఒగ్గీసిన బండి

నరసింగరావు ఇరవయ్యారేళ్లు కళింగపట్నం నుంచి విశాఖకి చేపల వ్యాను తోలాడు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. "ఔను" ఒక్కటే మిగిలింది. ఆకలేసినా ఔనే, వద్దనాలన్నా ఔనే.

కూతురు అనూరాధకి ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. తండ్రిని వారానికి రెండుసార్లు శ్రీకాకుళం ఫిజియోథెరపీకి తిప్పాలని పాత ఆటోమేటిక్ కారు కొంది. "క్లచ్ ఉండదు నాన్నా. పీ అంటే పార్కింగు, ఆర్ అంటే వెనక్కి, ఎన్ అంటే న్యూట్రలు. డీలో పెడితే దానంతటదే పోతాది" అని చూపించింది.

ఆమె ఎక్కడ ఆగినా ఎన్‌లో పెట్టి దిగిపోయేది. హ్యాండ్‌బ్రేకు ఒక్కోసారి మరిచిపోయేది. పక్క సీట్లోంచి నరసింగరావు అది చూస్తూనే ఉండేవాడు. చెబుదామని నోరు తెరిస్తే "ఔను, ఔను" అనే వచ్చేది. బాగా నడుపుతున్నానని మెచ్చుకుంటున్నాడనుకుని ఆమె నవ్వేది.

ఒకరోజు శ్రీకాకుళం నుంచి తిరిగొస్తూ కళింగపట్నం రేవు వైపు దిగే వాలులో ఆపింది. కింద దాలమ్మ పందిరి మీద వేలెడంత నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. ఆవిడ చేపలు ఏళ్ల తరబడి ఆయన వ్యానులోనే వెళ్లేవి.

"ఏసీ ఉండనీ నాన్నా. వెనక కొట్లో నీళ్లు కొని, దాలమ్మత్త దగ్గర నెత్తళ్లు తెస్తాను."

ముందు చక్రం ఇసుక కుప్పకి ఆనుకోవడంతో బండి నిలబడింది. ఆమె హ్యాండ్‌బ్రేకు మరిచి, ఎన్‌లోనే ఉంచి దిగింది. ఆమె కొట్టు మెట్టెక్కేసరికి ఇసుక జారింది. బండి మెల్లగా కదిలింది.

గేరు లీవరు ఆయన కుడిపక్కన ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఒళ్లు మెలితిప్పి ఎడమచెయ్యి చాచాడు. బెల్టు బిగుసుకుంది. హ్యాండ్‌బ్రేకు అందలేదు, లీవరు అందింది. ముందుకి తోసి పీలో పెట్టాలని తెలుసు. దానికి పక్కనున్న మీట నొక్కాలి, వేళ్లు అక్కడికి పోలేదు. పట్టు జారింది. లీవరు వెనక్కొచ్చి డీలో పడింది.

బండి ఎవరో వెనకనుంచి తోసినట్టు ఉరికింది. "ఔను, ఔను" అని గొంతు చించుకున్నాడు. దాలమ్మ తలెత్తి చూసేలోపే పందిరి గుంజలు విరిగి ఆవిడ మీద పడ్డాయి. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాక బండి ఆగింది.

జనం పోగయ్యారు. దాలమ్మ చెయ్యి విరిగింది. ఒకతను లోపలికి తొంగి చూసి, "డీలో ఉన్నాది. ముసిలోడు కెలికీసినాడు" అన్నాడు.

అనూరాధ ఆయాసపడుతూ వచ్చింది. "గేరు నువ్వు కదిపావా నాన్నా?"

"ఔను."

ఆ తర్వాత ఆయన్ని వెనక సీట్లోనే కూర్చోబెట్టారు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకి ఎక్కువ కష్టంగా ఉంది.

మూడు వారాల తర్వాత, మళ్లీ ధైర్యంగా నడపాలని, అనూరాధ అరసవల్లిలో డ్రైవింగు నేర్పే ధనరాజ్ దగ్గరికెళ్లింది. బండి ఆపి దిగబోతుంటే అతను ఆపాడు. "కాలు బ్రేకు మీద నుంచి తియ్యొద్దు మేడమ్. ముందు హ్యాండ్‌బ్రేకు లాగండి, పీలో పెట్టండి, ఇంజను ఆపండి, అప్పుడు కాలు తియ్యండి. వాలులో ఎన్‌లో ఒగ్గీస్తే బండి మన మాట వినదు."

ఆమెకి రేవు వాలు గుర్తొచ్చింది. ఇంటికొచ్చి తండ్రి మంచం దగ్గర కింద కూలబడింది.

"ఆవేళ నేను ఎన్‌లో ఒగ్గీసానా నాన్నా?"

"ఔను." ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది నిజంగా ఔనో, తన బాధ చూడలేక కాదనబోతే వచ్చిన ఔనో ఆమెకి తేలలేదు.

మర్నాడు ఇద్దరూ దాలమ్మ దగ్గరికెళ్లారు. అనూరాధ తప్పు తనదేనని చెప్పింది. దాలమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎవులదైతే ఏటే పిల్లా, ఈ సీజనుకి నా సెయ్యి లేదు" అంది, కోపం లేకుండానే. "నువ్వేటి సేస్తావు నరసింగా, కూకో."

పొద్దున పక్కింటివాళ్లు పరిచిపోయాక ఎవరూ తిరగెయ్యని నెత్తళ్లు ఒక పక్కే ఎండి, రెండో పక్క మెత్తబడి వాసనొస్తున్నాయి. నరసింగరావు ఎడమచేత్తో ఒక్కొక్కటీ తిరగెయ్యసాగాడు. నాలుగు తిరగేసి, ఐదోదానికి చెయ్యి చాచాడు.