కాంటా జాన్సన్ పాత ప్యాంటు

జాన్సన్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు, బరువులు గుర్తుంటాయి. ఎదుటి మనిషిని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి ఎన్ని కిలోలున్నాడో చెప్పేస్తాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అందులోంచి తరుగు కూడా తీస్తాడు.

తరుగంటే ఏమిటో పత్తి అమ్మినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. రైతు తెచ్చిన పత్తిలో తేమ ఉంటుంది, చెత్త ఉంటుంది. వాటి కింద తూకంలోంచి కొంత కోసేస్తారు. ఆ కోతే తరుగు. ఆదిలాబాద్ ఊరి చివర ఒక జిన్నింగు మిల్లులో ఇరవై రెండేళ్లుగా కాంటా దగ్గర కూర్చుంటున్న జాన్సన్‌కు ఇది ఒంటికి పట్టేసింది. బస్తాకూ మనిషికీ తేడా చూడడు.

ఒకసారి వాళ్ల మెథడిస్టు చర్చిలో పెళ్లికి నన్ను తీసుకెళ్లాడు. పెళ్లికూతురు తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి వస్తోంది. అందరం లేచి నిలబడ్డాం. జాన్సన్ నా చెవిలో నోరు పెట్టాడు.

"పిల్ల అరవై ఒకటి సారు. పట్టుచీర, నగలు, పూలు, అన్నీ కలిపి తరుగు ఐదు. నికరంగ యాభై ఆరు."

పక్కనే ఉన్న ఆయన భార్య మగ్దలేనమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "గిది చర్చి, మీ మిల్లు గాదు. నోరు మూసుకొని ప్రార్థన చెయ్యరాదా!"

"చేస్తనే ఉన్న. గని పాస్టరయ్య పోయిన ఆదివారం మీద కిలోన్నర పెరిగిండు. ఆయన కోసం గుడ చెయ్యాల్నా, వద్దా?"

ఇంతమంది బరువులు చెప్పే ఈ మహానుభావుడు ఒకప్పుడు నూట నలభై రెండు కిలోలుండేవాడు. పత్తి తెచ్చిన రైతులు, "అన్నా, జర కాంటా మీద ఒక్క కాలు పెట్టరాదా, మా బస్తాకు బరకతుంటది, ఇంత బరువు కలిసొస్తది" అని ఆట పట్టించేవారు. జాన్సన్‌కు మిగతా దేనికీ కోపం రాదు కానీ, దీనికి మాత్రం ముక్కు ఎర్రబడేది. "నా కాంటా మీద మిల్లోళ్ల అబద్ధం నడువది, మీ అబద్ధం నడువది, నా అబద్ధం అసలే నడువది" అనేవాడు. అది నిజం. ఆయన కాంటా మీద తూకమైతే చాలు, రైతులు రెండోసారి చూసుకునేవారు కాదు.

కడుపు కోసి చిన్నది చేసే ఆపరేషన్ కోసం నాగ్‌పూర్ వెళ్లాడు. నర్సు బరువు చూసే మిషన్ ఎక్కమంటే ఎక్కలేదు. దానికి కిందా మీదా చూసి, తూనికల ఆఫీసోళ్లు దీనికి సీలు ఎప్పుడేశారని అడిగాడట. ఆపరేషనయ్యి, మత్తు దిగి, కళ్లు తెరిచిన వెంటనే డాక్టరును మరాఠీలో అడిగిన మొదటి ప్రశ్న, తీసిన కడుపు ముక్క "కితీ?" అని. ఎంతుందని. డాక్టరు బిత్తరపోయాడు.

"నా తూకంల నుంచి పోయింది గద సారు" అని నాకు తర్వాత వివరించాడు. "గంత తరుగు తీసిండ్రు, ఎంతనో చెప్పొద్దా?"

నాకెందుకు వివరించాడంటే, ఆ పక్క మంచం నాది. నా పేరు ఓంప్రకాశ్. జైనూర్ బడిలో సోషల్ చెబుతాను, ఇల్లు ఆదిలాబాద్‌లో. అప్పుడు నూట ఇరవై ఎనిమిది కిలోలు. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయన చెప్పాడు. దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే, దుప్పటికి తరుగు తీసి మరీ చెప్పాడు.

ఏడాదిన్నరలో నేను ఎనభై నాలుగుకు దిగాను. ముందుకు వంగి బూట్ల తాళ్లు నేనే కట్టుకున్న రోజున మా ఆవిడ మమతారాణి వీధిలో మిఠాయి పంచింది. నేను తినలేదు. సుగరు గోళీలు మానేశాను. అంతా అయిపోయిందనుకున్నాను. జాన్సన్ అనుకోలేదు.

"ఆపరేషన్ డాక్టరు చేస్తడు, మూడు గంటలల్ల అయిపోతది. తర్వాత ముప్పై ఏండ్లు ఎవలు చూడాలె? మనమే. ఒకలనొకలం చూసుకోవాలె" అని, ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను వెతికి పట్టాడు. చెన్నూరు నుంచి వచ్చి ఇక్కడ టైలరింగు చేసే అనసూర్య, ఆర్టీసీ కండక్టరు బుచ్చిరాములు, నేను, ఆయన. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక, మూసి ఉన్న మిల్లులో, బస్తాలు తూచే కాంటా మీద మేం నలుగురం ఎక్కి దిగాలి.

ఎక్కేముందు సోదా. జేబుల్లో ఫోను, తాళాలు, చిల్లర, బుచ్చిరాములు విజిలు, అన్నీ బల్ల మీద పెట్టాలి.

"పత్తి బస్తాల రాళ్లు పెట్టి తెచ్చెటోళ్లను చూసిన, పత్తి మీద నీళ్లు జల్లెటోళ్లను చూసిన. నా ముందల మీ ఆటలు సాగయి."

"అన్నా, మేం బరువు తక్కువ రావాల్నని సూస్తం గని, జేబుల రాళ్లెందుకు ఏసుకుంటం?" అనేది అనసూర్య.

"రూలంటే రూలే చెల్లె. చీరకు అర కిలో తరుగు. గాజులకు యాభై గ్రాములు."

"పది రోజుల సంది మా అత్త మా ఇంట్లనే ఉన్నది. దానికి తరుగు లేదా?"

"మీ అత్తను తెచ్చి కాంటా మీద కూసోబెట్టు, చూద్దాం."

మమ్మల్ని ఇంతగా సోదా చేసే మనిషి, తన నూట నలభై రెండు కిలోల నాటి ఖాకీ ప్యాంటునే నడుముకు పత్తిబస్తా తాడుతో బిగించుకుని వచ్చేవాడు. అందులో ఇంకో జాన్సన్ హాయిగా పడతాడు. జేబులు మోకాళ్ల దాకా ఉండేవి. కుదించి కుట్టిస్తానని అనసూర్య నెలనెలా అడిగేది. "వద్దు చెల్లె, పాత రోజులు యాదికుండాలె" అనేవాడు.

కాంటా మొదట ఎక్కేదీ ఆయనే. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన బరువు నిలకడగా ఉండేది కాదు. అక్క కూతురి పెళ్లి తర్వాత బుచ్చిరాములు రెండు కిలోలు పెరిగి బిక్కముఖం వేసుకుని వస్తే, ఆ నెల జాన్సన్ కూడా రెండు కిలోలు పెరిగి ఉండేవాడు. అత్తగారి అరిసెలకు అనసూర్య మూడు పెరిగితే, జాన్సన్‌దీ మూడే. "నువ్వొక్కదానివే అనుకున్నవా? నేను గుడ. పా, ఇద్దరం తగ్గుదాం" అనేవాడు. పై నెల ఇద్దరూ తగ్గేవారు.

మాకు ఒళ్లు మండేది. పెద్దమనిషి, మాకు దారి చూపాల్సినవాడు, నాలుక అదుపులో పెట్టుకోడేం? నేనైతే బడిపంతులునాయె, అరగంట క్లాసు పీకేవాణ్ణి. "జిలేబీ తిన్నావా? నిజం చెప్పు. నీళ్లూ అన్నమూ కలిపి తీసుకున్నావా? నమిలావా, మింగావా?" ఆయన తల వంచుకుని, "తప్పయింది సారు" అనేవాడు. చర్చి నుంచి ఆయనతోపాటే వచ్చే మగ్దలేనమ్మ మూలన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకునేది. పాపం, మొగుడి పరువు పోతోందని ఏడుస్తోందనుకునేవాణ్ణి.

నాలుగో ఏడు నా వంతు వచ్చింది. చిన్నదైన కడుపుకు అన్నం గిన్నెడు పట్టదు కానీ, మిక్చరు దినమంతా పడుతుంది. స్టాఫ్ రూములో ఖాళీ పీరియడుకొక గుప్పెడు, దాని మీద తియ్యటి చాయ్. మూడు నాలుగు నెలల్లో పన్నెండు కిలోలు తిరిగొచ్చాయి. సుగరు గోళీలు తిరిగొచ్చాయి. బూట్ల తాళ్లు మళ్లీ అందడం మానేశాయి. బూట్లు అటక మీద పడేసి, కాలు దూర్చేస్తే చాలనే చెప్పులు కొన్నాను. ఇంకా పెరిగితే సూదిమందు తప్పదన్నాడు డాక్టరు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. జాన్సన్‌కు అన్ని పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ కాంటా ఏ ముఖంతో ఎక్కను? మొదటి నెల పేపర్లు దిద్దాలన్నాను. రెండో నెల చుట్టాలొచ్చారన్నాను. మూడో నెల ఫోనే ఎత్తలేదు. మా ఆవిడ ఎత్తి, ఉన్నదంతా చెప్పేసింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఏమనలే. మెట్లెక్కుతుంటే సారుకు ఆయాసం వస్తుందా అని అడిగిండు. వస్తుందన్న. మల్ల ఆదివారం మిమ్ములను ఎట్లన్న చేసి తోలియ్యుమన్నడు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీకు దండం పెడత, పోన్రి. మల్లా ఆ సూదులు, ఆ దవాఖాన్లు నాతోని గాదు."

వెళ్లాను. మిల్లు గేటు దగ్గర జాన్సన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను కళ్లు మూసుకున్నంత పని చేశాను. ఇప్పుడు చెబుతాడు, తొంభై ఆరని అందరి ముందూ అరుస్తాడు. కానీ ఆయన జీవితంలో మొదటిసారి అంకె చెప్పలేదు. "వచ్చిండ్రా సారు, మంచిగయింది. కూసోండ్రి, కాంటా మీద దుమ్మున్నది, తుడిచొస్తా" అని లోపలికి పోయాడు.

చాలాసేపు తుడిచాడు. తిరిగొచ్చేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, బిందెలు మోస్తున్నట్టు నడిచి వచ్చాడు. కాంటా ఎక్కాడు. మొన్నటి నెల ఎనభై ఎనిమిది ఉన్న మనిషి, తొంభై తొమ్మిది!

"అన్నా!" అని అరిచింది అనసూర్య. "నెల రోజులల్ల పదకొండు కిలోలా! ఏం తిన్నవే?"

"ఏం చెప్పాలె చెల్లె. నోరు కట్టుకోలేకపోయిన." తల వంచుకుని నా వైపు చూశాడు. "సారు, మీరన్న నన్ను తిట్టుండ్రి."

తిట్టలేకపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నా గుండె మీంచి బస్తా దించినట్టయింది. నేనొక్కణ్ణే కాదు. కాంటాను ఇరవై రెండేళ్లు కాచిన మనిషే జారిపోయాడు. "దిగు అన్నా, నేనూ ఎక్కుతా. నాదీ అదే కథ" అన్నాను.

జాన్సన్ సంబరంగా కిందికి అడుగేశాడు. పత్తిబస్తా తాడు ఆ సంబరానికి ఆగలేదు. టప్పున తెగింది. ఖాకీ ప్యాంటు మనిషిని వదిలేసి తాను ముందు దిగిపోయింది. దిగుతూనే ధన్, ధన్ అని మిల్లంతా మోగింది.

చారల నిక్కరులో జాన్సన్ నిలబడ్డాడు. ఆయన కాళ్ల దగ్గర ఐదు కిలోల ఇనుప తూకంరాళ్లు రెండు, కిలోది ఒకటి పడి ఉన్నాయి. కాంటా మీద పెట్టే రాళ్లే, సీలుతో సహా.

అనసూర్య వంగి ఒక రాయి ఎత్తి చూసింది. అప్పుడు బుచ్చిరాములు మెల్లగా అడిగాడు. "అన్నా, మా అక్క బిడ్డ పెండ్లప్పుడు నీకు పెరిగిన రెండు కిలోలు?"

"గవి మిషను బోల్టులు."

"మా అత్త వచ్చినప్పుడు?" అంది అనసూర్య.

"రెండు కిలోలది ఒక రాయి, కిలోది ఒకటి."

మగ్దలేనమ్మ ఇక కొంగు తీసేసి పకపకా నవ్వింది. అన్నాళ్లూ ఆమె ఏడుస్తోందనుకున్నానే, అదన్నమాట సంగతి! గేటు దగ్గర మమ్మల్ని చూసి ఎవరెంత పెరిగారో పసిగట్టడం, కాంటా తుడిచే వంకతో అంత బరువూ జేబుల్లో వేసుకోవడం, మాతోపాటు తలవంచుకుని నిలబడడం. తినని జిలేబీలకు నేను ఆయన్ను ఎన్ని అరగంటలు తిట్టానో తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోయింది.

"కాంటా మీద అబద్ధం నడవదన్నావు కదన్నా!" అన్నాను.

జాన్సన్ ప్యాంటు పైకి లాక్కుంటూ ముక్కు ఎర్రబడి నిలబడ్డాడు. "కాంటా అబద్ధమాడలే సారు. ఎక్కిన బరువే చూపించింది." ఆపైన దొంగలా అన్నాడు. "మీకు పన్నెండు గద? ఇంకో కిలో రాయి ఎంత దేవులాడినా దొరకలే. లేకుంటే సమానం చేద్దును."

ఆ రోజు నేను కాంటా ఎక్కాను. తొంభై ఆరు. చెప్పులకు తరుగు తీశాడు. మరునాటి నుంచి స్టాఫ్ రూముకు మిక్చరు బదులు ఉడికించిన గుడ్డు పట్టుకెళ్లాను. ఖాళీ పీరియడు గంట కొట్టగానే జాన్సన్ ఫోను. "సారు, నోట్లె ఏమున్నది?" "ఏమీ లేదన్నా." "మీ గొంతు వింటే మూడు పల్లీ గింజలున్నట్టున్నది." ఉన్నాయి, మూడే! పది నెలల్లో తొమ్మిది కిలోలు పోయాయి. అటక మీది బూట్లు దిగాయి.

జాన్సన్ జేబులకు ఇప్పుడు మేం సోదా చేస్తున్నాం. ప్యాంటు కూడా అనసూర్య కుదించేసింది. కుదించగా మిగిలిన ఖాకీ గుడ్డ ఏం చేసిందో ఆయనకు చెప్పలేదు.

పోయిన నెల, కరీంనగర్ దిక్కు నుంచి కూతురింటికి వచ్చిన యాదవ్వ గేటు దగ్గర నిలబడింది. ఆపరేషనై రెండేళ్లయిందట. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, లోపలికి రాదు, వెనక్కి పోదు. జాన్సన్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. అంకె చెప్పలేదు. మా ముగ్గురి వైపు తిరిగి, దిక్కులేనివాడిలా తన బిగుతు ప్యాంటు తడుముకున్నాడు.

"నువ్వు కూసో అన్నా" అంది అనసూర్య. "ఇయ్యాల కాంటా మేం తుడుస్తం."

ముగ్గురం తుడిచొచ్చాం. నేను ఎక్కితే ఐదు కిలోలు పెరిగాను. బుచ్చిరాములు ఆరు. అనసూర్య ఐదు.

యాదవ్వ కొంగు కాస్త జారింది. "అయ్యో, సారుకు గుడ పెరిగిందా?"

"అందరికీ పెరిగింది అవ్వా, ఏం చేస్తం! రా, నువ్వూ ఎక్కు" అన్నాడు బుచ్చిరాములు. ఆమె కిసుక్కున నవ్వి, చెప్పులు విడిచి, కాంటా ఎక్కింది.

జాన్సన్ ఒక్కొక్కరి అంకె గట్టిగా చదివాడు. మా ముగ్గురి బట్టల్లోంచి తొంగిచూస్తున్న, తన పాత ప్యాంటు గుడ్డతో కుట్టిన ఖాకీ జేబుల వైపూ చూశాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, "ఇయ్యాల ఎవలికీ తరుగు లేదు" అన్నాడు. తర్వాత నా పక్కకు వచ్చి, కాంటా తుడుస్తున్నట్టు వంగి, చెవిలో గొణిగాడు.

"సారు, ఎడమ జేబు జారుతున్నది. జర పట్టుకోండ్రి."