పాలు పిండడం నేర్పించిన ఆయమ్మ

మా ఆయమ్మను ఆమె అల్లుడు కొడవలితో నరికినాడు. పోయిన వారం ఒక పొద్దున నేను మగ్గం మీద కూర్చోనుంటే ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. "పాపా, ఆయమ్మ లేదు. నిన్న సాయంత్రం. కూతురికి అడ్డం పోయిందంట" అనింది. నేను మగ్గం గుంతలో నుంచి కాళ్ళు తీసి లేచినాను.

మీలో చాలామందికి ఆమె తెలిసుండదు. అనంతపురం పెద్దాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను బాక్సుల్లో పెట్టే వార్డులో ఆయాగా చేసేది. దుప్పట్లు మార్చేది, నేల తుడిచేది, తల్లులకు పాలు పిండడం నేర్పించేది. ఆ చివరి పని చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పని వల్ల బతికి ఇంటికి పోయిన పిల్లల్లో నా కొడుకు ఒకడు. అందుకే ఇది రాస్తాండాను.

నా కొడుకు ఏడో నెలలో పుట్టినాడు. అన్నం చల్లగా ఉండాదని నా మొగుడు నా జుట్టు పట్టుకొని ఈడ్చి మగ్గం గుంతలోకి తోసినాడు. పడినదాన్ని పడినట్లే కడుపు మీద తన్నినాడు. రెండో తన్నుకే ఉమ్మనీరు పోయింది. మూడోది ఎందుకు తన్నినాడో ఇప్పటికీ తెలీదు. మా అమ్మ ఆటోలో ధర్మవరం నుంచి అనంతపురానికి తీసుకుపోయింది. అరచేతిలో పట్టేంత బిడ్డ. రొమ్ము పట్టే బలం వానికి లేదని, పాలు పిండి ఇస్తే ట్యూబులో పోస్తామని, రెండు మూడు గంటలకొకసారి పిండాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది.

వార్డు పక్కన చిన్న గది. ఒక బల్ల, ఒక కరెంటు పంపు. మొగుని మీద కోపమంతా నేను ఆ పంపు మీద పెట్టినాను. జోరు పెంచే గుండీని చివరిదాకా తిప్పి, పండ్లు కొరుక్కోని కూర్చున్నాను. ఎంత నొప్పి పుడితే అన్ని పాలు వస్తాయనుకున్నాను. సీసాలో ఎర్రటి చుక్కలు పడినాయి. అయినా ఆపలేదు.

అప్పుడు తెర తీసుకోని ఆమె వచ్చింది. పొట్టి మనిషి, గాజులు మోచేతి దాకా ఎగదోసుకోనుండాది.

"ఏమ్మే, అదేమన్నా నీ మొగుని గొంతనుకుంటివా? అట్ల పీకుతాండావ్!"

నా చెయ్యి మీద చెళ్ళున కొట్టి పంపు ఆపేసింది. తర్వాత నా చేతి మీద నల్లగా కమిలిన వేళ్ళ గుర్తులు చూసింది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోని, నన్నూ కడుక్కోమనింది. గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, ముందు తన మణికట్టు మీద వేసుకోని వేడి చూసుకోని, ఆ తర్వాతే నా రొమ్ముల మీద కప్పింది.

"ఈ పంపు గరాటు పెద్దదైపోయింది నీకు. ముచ్చిక నడిమధ్యన ఉండాల. అంచుకు ఒరుసుకుంటే చీరుకుపోతాది" అని ఇంకో చిన్న గరాటు ఉడకబెట్టి తెచ్చి పెట్టింది. నా వీపు వెనక దిండు దూర్చింది. "వంగద్దు. పంపునే నీ దగ్గరికి తెచ్చుకో. భుజాలు దించు. దవడ వదులు చెయ్యి. మొదట చిన్నగా, గబగబా పెట్టాల, బిడ్డ ఎతుక్కున్నట్ల. పాలు దిగినంక నిదానంగా లాగనియ్యాల. నొప్పి పుట్టిందంటే తగ్గించు. దెబ్బలకు పాలు రావు పాపా, ఒళ్ళు వదులైతేనే వస్తాయి."

ఎవరో పిల్లాడి సాక్సు ఒకటి తెచ్చి సీసాకు తొడిగింది. లోపల ఎన్ని పాలు పడినాయో నాకు కనపడకుండా. "గీతలు చూడద్దు. బిడ్డను తలుచుకో" అనింది. పంపు ఆపినంక చేత్తో పిండించింది. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, నల్లటి భాగానికి కొంచెం ఎనక పెట్టి, ముందు ఎదకేసి ఒత్తి, అప్పుడు దగ్గరికి నొక్కాల. వేళ్ళు చర్మం మీద జారగూడదు. ఆ రోజు చెంచాడు కూడా రాలేదు. పసుప్పచ్చగా, చిక్కగా అడుగున అంటుకోనుండాది. దాన్నే సిరంజిలోకి లాక్కోని బాక్సు దగ్గరికి పరిగెత్తింది.

ఆమె దేవత అని నేను చెప్పను. నోరు చెడ్డది. ఆకు, పొగాకు నమిలేది. మూడు గంటలైనా పిండని తల్లిని అందరి ముందరా తిట్టేది, కొందరిని ఏడిపించేది. నన్నూ ఏడిపించింది. కానీ ఆమె నేర్పించినంక ఆ గదిలో ఏ తల్లి సీసాలోనూ రక్తం పడలేదు.

ఆరోరోజుకు నాకు పాలు బాగా దిగినాయి. ఆ మధ్యాహ్నమే నా మొగుడు వచ్చినాడు, తాగి. చేతిలో స్టీలు క్యారియరు. తెర ఒక్క గుంజుకు ఊడి కింద పడింది. నేను రెండు రొమ్ములూ బయట పెట్టుకోని పంపుతో కూర్చోనుండా.

"బర్రె మాదిరి మిషనుకు కట్టేసుకుంటివా? లెయ్, ఇంటికి పద" అన్నాడు.

నిండిన సీసా లాక్కోని గోడకేసి కొట్టినాడు. తెల్లగా గోడంతా కారింది. నా చెంప మీద కొట్టినాడు, చెవిలో గుయ్యిమనింది. మళ్ళీ చెయ్యెత్తేసరికి మధ్యలో ఆయమ్మ ఉండాది.

"ఏమప్పా, ఈడ పసిపిల్లోళ్ళుండారు. బయటికి పో."

వాడు క్యారియరుతో ఆమె మూతి మీద కొట్టినాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడతాది. ఆమె పడలేదు. నోటినిండా రక్తంతోనే వాని మణికట్టు పట్టుకోని వెనక్కి మెలిపెట్టింది. వాడు మోకాళ్ళ మీద కూలినాడు. నేల తుడిచే కర్ర తీసుకోని వీపు మీద రెండు వేసింది. నిజం చెప్తాను, నేను మూడోది వెయ్యమన్నాను. చంపెయ్యమని అరిచినాను. వాచ్‌మెన్లు వచ్చి వాన్ని లాక్కుపోయినారు.

ఆమె తొట్టిలో ఒక పన్ను ఉమ్మింది. దూది కరుచుకోని, చేతులు మళ్ళా మోచేతుల దాకా కడుక్కోని వచ్చింది. "కూర్చో" అనింది, మాట సరిగ్గా రాకుండా. "ఆ పాలు పోయినాయి. బిడ్డకు ఈ పూటకు కావాల."

ఒక్క చుక్క రాలేదు. ఆమె నా బిడ్డ టోపీ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. నా వెనక నిలబడి వీపు మీద, భుజాల మధ్యన, పిడికిళ్ళతో మెల్లగా రుద్దతా ఉండిపోయింది. ఆమె దవడ నుంచి రక్తం నా జాకెట్టు మీద పడతాంటే నాకు తెలుస్తాండాది. చానాసేపటికి రొమ్ముల్లో జివ్వుమనింది.

"నాకోసం ఎందుకు దెబ్బ తిన్న్యావ్ ఆయమ్మా?" అని మరుసటి రోజు అడిగినాను.

ఆమె తల మీది పైట తీసి చెవి చూపించింది. తమ్మె రెండుగా చీలిపోయుండాది. కమ్మతో సహా ఆమె మొగుడు లాగేసినాడంట. అప్పటికి ఆమెకు మూడు వారాల కొడుకు. ఆ దెబ్బలకు పడిపోయి రెండు రోజులు బిడ్డను పట్టుకోలేకపోయింది. రొమ్ములు రాళ్ళైపోయి చీము పట్టినాయి. "పిండాలని చెప్పేవాళ్ళే లేకపోయిరి. రొమ్ము నిండా పెట్టుకోనుండి నా బిడ్డను ఆకలికి పోగొట్టుకుంటి" అనింది. ఏడవలేదు. తర్వాత కూతురు పుట్టినంక ఆ మొగున్ని వదిలేసి ఆసుపత్రికి వచ్చిందంట, పనికి.

నలభై రోజులకు నా కొడుకును ఇంటికి పంపినారు. నేను మొగుని ఇంటికి పోలేదు. కేసు పెట్టినాను. ఆయమ్మ కోర్టుకు సాక్షిగా వచ్చింది. "నీకేం సంబంధం?" అని వాని వకీలు అడిగినాడు.

"ఆ బిడ్డ తాగాల్సిన పాలు గోడకు కొట్టినాడు సామీ. ఆ గోడ తుడిచింది నేనే" అనింది.

వాడు జైలుకు పోయినాడు. నా కొడుకు ఇప్పుడు బడికి పోతాండాడు. వాన్ని చూసేదానికి ఆమె రెండుసార్లు ధర్మవరం వచ్చింది. వచ్చినప్పుడల్లా వాని తొడలు పట్టి చూసి, కండ ఉందో లేదో చెప్పి, కాఫీ తాగి పోయేది.

ఇప్పుడు ఆమె కూతురు బాలింత. నల్లమాడ పక్కన పల్లెలో అమ్మింటికి వచ్చుండాది, వాతలు తేలిన ఒంటితో. మొగుడు తీసుకుపోయేదానికి వచ్చినాడు. ఆయమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది. ఆమె లోపలికి పోయుంటే, తలుపేసుకోనుంటే బతికేదేమో అని ఊరోళ్ళు అంటాండారు. తలుపేసుకునే మనిషి కాదు ఆమె. మెడ మీద ఒకటి, భుజం మీద ఒకటి. మూడోదానికి కూతురు పరిగెత్తుకొచ్చి కొడవలిని ఒట్టి చేతులతో పట్టుకుంది. వాన్ని ఆ సాయంత్రమే పోలీసులు పట్టుకున్నారు.

నేను ఆసుపత్రికి పోయేసరికి శవాల గది ముందర కూతురు కూర్చోనుండాది. రెండు చేతులకూ మణికట్ల దాకా కట్లు. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తాండారు. ఆ పిల్ల ఏడవడం లేదు, చలికి వణికినట్లు వణుకుతాండాది. నుదురు ముట్టుకుంటే కాలిపోతాండాది. జాకెట్టు రెండు పక్కలా తడిసి అట్టగట్టింది.

"బిడ్డకు పాలిచ్చి ఎంతసేపైందమ్మా?"

"నిన్న సాయంత్రం... అక్కా, చేతుల్లేవు నాకు" అనింది.

నర్సమ్మను అడిగి వెనక గదిలోకి తీసుకుపోయినాను. వేడినీళ్ళు తెప్పించినాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. రొమ్ములు రాళ్ళ మాదిరి ఉండాయి. వేలు పెడితేనే కేక పెట్టింది. కొట్టినట్ల నొక్కద్దు, తొందరపడద్దు అని నాకు నేనే చెప్పుకుంటా, చేత్తోనే పిండినాను. మొదట చుక్కలు. తర్వాత సన్నటి ధార లేచి నా మొఖం మీద పడింది. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, అమ్మను పిలుస్తా. కొంచెం మెత్తబడినంక, పక్కింటామె చేతిలో గుక్కపట్టిన బిడ్డను తెచ్చి రొమ్ముకు పెడితే గబుక్కున పట్టుకుంది.

అంతలో బయట నుంచి పిలిచినారు, శవాన్ని ఇస్తాండామని. బిడ్డను విడిపించబోతే ఆ పిల్ల వద్దనింది. పైట కప్పినాను. ఆమె చేతులు పట్టుకోలేవు కాబట్టి బిడ్డ కింద నా చేతులు రెండూ పెట్టినాను. పల్లెలో వ్యాను దిగినంక కూడా అట్లే నడిచినాం, ఎండిన శెనక్కాయ చేని గట్టు మీద, పాడె వెనకాల, ఇద్దరం ఒకే అడుగు వేసుకుంటా. బిడ్డ కండ్లు మూసుకోని తాగుతానే ఉండాది.