రోడ్డు వైపు తాలుకాయలు

పర్చూరు దాటాక రోడ్డు పక్కనే రాజేశ్వరి మిరప కల్లం. అటుగా వెళ్లేవాళ్ల తలలు ఆ ఎరుపు వైపు వాటంతటవే తిరుగుతాయి. ఎక్కడో సముద్రాల అవతల పుట్టి, ఓడలెక్కి వచ్చిన కాయ ఇది. ఈ నల్లరేగడిని సొంతిల్లు చేసుకుని, ఊరగాయ జాడీ నుంచి దిష్టి తీసే గుప్పిట దాకా అన్నిట్లోనూ దూరిపోయింది. ఇప్పుడు ఫోన్లలోనూ దూరింది. రాజేశ్వరికి తలనొప్పి అక్కడే మొదలైంది.

పెళ్లి కుదిరిన జంట ఒకటి వచ్చి, "ఒక్క ఫొటో తీసుకుంటామండీ" అని మర్యాదగా అడిగితే సరేనంది. వాళ్లు నెట్లో పెట్టిన ఆ ఫొటో ఎంతమంది చూశారో గాని, వారం తిరక్కుండా కార్లు ఆగడం మొదలైంది. అందరికీ అదే ఫొటో కావాలి. కాయల్లో పడుకోవాలి, దోసిళ్లతో పైకి ఎగరేయాలి, తుమ్ముకుంటూ నవ్వాలి.

కల్లంలో చెప్పులతో ఎవరూ అడుగుపెట్టరు. కాయలు తిరగేసేటప్పుడు కూడా వట్టి పాదాన్ని కిందనుంచి దూర్చి నెట్టుకుంటూ పోతారు, మీద అడుగు పడనివ్వరు. ఎండిన కాయ అప్పడంలా విరుగుతుంది. విరిగి గింజ రాలిన సరుకును మిర్చి యార్డులో పక్కకు నెట్టేస్తారు. పురుగుతో, వానతో పోట్లాడి దక్కించుకున్న పంట బూట్ల కింద పటపటమంటుంటే ఆమె చేట పడేసి పరుగెత్తుకొచ్చేది.

"దిగండ్రా అందులోంచి" అని అరిస్తే, ఆ అరుపునీ వీడియో తీశారు.

"దానికే లైకులు ఎక్కువొచ్చాయక్కా" అంది కాయలేరడానికి వచ్చే నసీమున్నీసా.

తడికె కడదామంటే భర్త చెంచురామయ్య కొట్టిపారేశాడు. "దాని ముందు నిలబడి కూడా తీసుకుంటారే."

మర్నాడు పొద్దున్నే రాజేశ్వరి ఎర్రకాయలన్నీ జొన్నచొప్ప వామి అవతలికి, ఎండ తగిలే వైపుకు జరిపించింది. ఖాళీ అయిన చోట తాలుకాయలు పరిచింది. నసీమున్నీసా ఏరి పక్కన పోసినవే, రంగుపోయి తెల్లగా పాలిపోయినవి.

"మతిపోయిందా అక్కా? తాలు తెచ్చి ముందు పోస్తారా ఎవరన్నా? పంటంతా ఇంతే అనుకుంటారు."

"అనుకోనీవే. కొనేవాడు రోడ్డు మీద చూడడుగా."

పదిన్నరకు కారు ఆగింది. తెల్లచీర కట్టుకున్న ఓ అమ్మాయి, కెమెరాతో ఓ కుర్రాడు దిగారు. అమ్మాయి ఫోను వంకా తాలు వంకా మార్చి మార్చి చూసింది.

"చైతన్యా, లొకేషన్ ఇదేగా? ఫొటోలో ఎర్రగా మండిపోతోంది, ఇక్కడేంటి జబ్బుపడ్డట్టున్నాయి?"

కుర్రాడు పెదవి విరిచాడు. "ఫిల్టర్ వేశారే ఆరాధనా. మనల్ని ఎదవల్ని చేశారు."

"ఏమండీ, ఇవి ఎర్రగా ఉండవా?"

"కళ్లతో చూస్తున్నావుగా తల్లీ" అంది రాజేశ్వరి, చేట ఆపకుండా.

"ఉండు, అంతా ఫేక్ అని ఆ ఫొటో కింద కామెంట్ పెడతాను" అంటూ ఆ అమ్మాయి కారెక్కింది.

నసీమున్నీసా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్లు మలుపు తిరిగేదాకా ఆగింది. "నీ పంట ఫేకంటున్నారక్కా. రోషం రాలా?"

"బాగా పెద్దక్షరాల్తో రాయమనాల్సింది" అంది రాజేశ్వరి. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత ఆమె రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని, తీరిగ్గా అన్నం తింది.