వియ్యంకుడి కారు సీట్లకు కొబ్బరినూనె

మా వియ్యంకుడు భార్యతో కలిసి నెల రోజులకని ఇండియా వెళ్తూ కారు తాళం నా చేతికిచ్చారు. చలికాలం కదా, కదలకుండా ఉంటే బ్యాటరీ పోతుంది, మీ గరాజ్‌లోనే పెట్టుకుని వారానికోసారి మిల్టన్ ఊళ్లో అలా ఒక చుట్టు తిప్పండి చాలన్నారు. మా అమ్మాయి పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. మేమిద్దరం ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకుంటామే గానీ, ఎదురుపడితే కాస్త నిటారుగా కూర్చుని మాట్లాడుకునే దశలోనే ఉన్నాం. పైగా ఆయన కారులో ఎవర్నీ చిప్స్ కూడా తిననివ్వని మనిషి.

మొదటిసారి నడిపినప్పుడే డ్రైవర్ సీటు తోలు ముడతలు పడి ఉండటం గమనించాను. కూర్చునే చోట సన్నగానూ, ఎక్కేటప్పుడు ఒరుసుకునే అంచు దగ్గర లోతుగానూ ఉన్నాయి. సాయంత్రం డైరీ రాస్తూ ఆ సంగతి కూడా రాసి, పరాయి వస్తువు గనక జోలికి పోకూడదని కింద చేర్చాను.

ఆ నియమం నాకే గాని మా బావమరిదికి లేదు. హామిల్టన్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మా ఇంటికి వస్తే కుళాయిలు, తలుపు బందులు ఏవో ఒకటి బాగుచేయనిదే ఊరుకోడు. వియ్యంకుడు తిరిగొచ్చే వారంలో ఓరోజు అతణ్ని ఇంట్లో ఉంచి నేనూ మా ఆవిడా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి, వంటింటి సింకు దగ్గర చేతులు రుద్దుకుంటూ చాలా తృప్తిగా కనిపించాడు.

"బావా, మీ వియ్యంకుడి కారు ఓసారి చూసిరా. సీట్లు పెళ్లికొడుకుల్లా ఉన్నాయి."

వెళ్లి చూశాను. ముందు సీట్లు రెండూ నిగనిగలాడుతున్నాయి. పక్కనే మా ఆవిడ తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా, సగానికి పైగా ఖాళీ అయి ఉంది. తోలు కూడా చర్మమేగా, ఎండితే ముడతలు పడదా అన్నాడు. నాకు లోపల గుబులుగానే ఉంది. కానీ చూడ్డానికి బాగుండేసరికి సీసాకు మూత పెట్టి లోపలికి తెచ్చేశాను.

ఆ రాత్రి చలి బాగా ముదిరింది. పొద్దున గరాజ్ లైటు వేసి కారు తలుపు తీస్తే సీట్లు తెల్లగా ఉన్నాయి. ఆ తోలుకు గాలి ఆడటానికి సన్నటి రంధ్రాలుంటాయి. నూనె వాటిలోకి దిగి, పేరుకుపోయింది. నల్లటి సీటు మీద వరసలు వరసలుగా తెల్లటి చుక్కలు. ఎవరో ముగ్గుకని చుక్కలు పెట్టి, గీతలు కలపకుండా వెళ్లిపోయినట్టుంది.

మా ఆవిడ వచ్చి చూసింది.  "వాళ్లు వచ్చేది శనివారం," అంది తమ్ముడితో. ఆమె భయం నాకు తెలుసు. వియ్యంకుడు మా ముఖాన ఏమీ అనరు. నవ్వి ఊరుకుంటారు. కానీ ఆ మాట ఆ ఇంట్లో ఉండిపోతుంది. ఎప్పుడో ఏ సందర్భంలోనో మా అమ్మాయి వినాల్సి వస్తుంది.

బావమరిది శనగపిండి డబ్బా పట్టుకొచ్చాడు. నూనె పీల్చేస్తుందట.

"ఆ రంధ్రాల్లోకి పిండి కూడా పోతే ఇక బజ్జీలు వేసుకోవడమేరా. లోపల పెట్టు," అన్నాను.

నేను ఉద్యోగం చేసినంతకాలం ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేశాను. ఏదైనా ముందు కనబడని మూల పరీక్షించి చూడటం అప్పటి అలవాటు. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, ఇంజను నడిపి, సీటు హీటర్ వేశాను. చలిగాలికి ముక్కులు కారుతున్నా తలుపు మూయడానికి లేదు, పొగ లోపల నిలుస్తుంది. సీటు వెనక అంచున, ఎవరి కంటా పడని చోట, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, దూరంగా పట్టుకుని ఆడిస్తూ చూశాను. నూనె కరిగి పైకి తేలింది. రుద్దకుండా పాత నూలు పంచె ముక్కతో అద్దితే గుడ్డకు అంటుకుంది. తోలు రంగు మారలేదు. అప్పుడు ధైర్యం వచ్చింది.

ఆ తరవాత రెండు రోజులు అదే పని. నేను వెచ్చబెట్టడం, బావమరిది అద్దడం. గుడ్డ తడిసిపోతే మా ఆవిడ ఇంకోటి చింపి ఇచ్చేది. నూనె తీసే పనిలో ఉండగానే ఇంకో సంగతి గమనించాను. వెచ్చబడిన తోలు మెత్తబడి సాగుతోంది. అరచేతిని మధ్యనుంచి కుట్టు వైపు మెల్లగా నొక్కుతూ జరిపి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటే ముడత సర్దుకుంటోంది. సన్నటివి దాదాపు పోయాయి. అంచు దగ్గర లోతైనవి తగ్గాయే గాని పూర్తిగా పోలేదు. ఇంకా వేడి పెడదామన్నాడు బావమరిది. నేను వద్దన్నాను. అక్కడితో ఆపకపోతే తోలు గట్టిపడి పగులుతుంది.

చివర తోలుకోసమే అమ్మే క్లీనర్‌తో తుడిచి, ఆరాక తోలును మెత్తగా ఉంచే కండిషనర్ పట్టించాం. దాన్ని సీటు మీద పొయ్యకుండా గుడ్డ మీద కొద్దిగా వేసుకుని, పలచగా రాసి, కాసేపాగి పొడి గుడ్డతో తుడిచేశాం. శుక్రవారం సాయంత్రానికి చుక్కలు లేవు. వాసన మాత్రం మిగిలింది.

మర్నాడు విమానాశ్రయానికి ఆ కారులోనే వెళ్లాను. వియ్యపురాలు బంధువుల పెళ్లికని ఇంకో పదిరోజులు అక్కడే ఆగారట, ఆయనొక్కరే వచ్చారు. చలికి సీటు హీటర్ వేసుకున్నారు. హైవే ఎక్కామో లేదో గాలి పీల్చి, "బావగారూ, కారులో కొబ్బరిపచ్చడి గిన్నె ఏమైనా ఒలికిందా?" అన్నారు.

ఆయన గుర్తుపట్టకముందే చెప్పాలనుకున్నాను, కుదరలేదు. ఇక మొదటినుంచి అంతా చెప్పేశాను. ఆయన తన సీటు అంచును వేలితో తడిమి చూశారు. 

"అయితే ముడతలు పోయాయా?" అన్నారు.

"చాలావరకు."

"ఆ ముడతలు నావల్లే పడ్డాయండీ. చేతులు తుడుచుకునే శానిటైజర్ వైప్స్ ఉంటాయి చూడండి, వారం వారం వాటితో సీట్లు తుడిచేవాణ్ని. శుభ్రంగా ఉంటుందని. తోలు ఎండిపోతోంది, మానెయ్యమని మా ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. వయసయ్యాక తోలు అంతే అని దబాయించాను." వెనక్కి తిరిగి చూసి మళ్లీ అన్నారు. "వెనక సీటు కూడా అలాగే ఉంది. ఆవిడ వచ్చేలోపు అవుతుందంటారా?"

అవుతుందన్నాను. మీ బావమరిదిని కూడా పిలవండి, నూనె లేకుండా రమ్మనండి అన్నారాయన. ఇద్దరం నవ్వాం. ఆయన సీటు వెనక్కి వాల్చి, బూట్లు విప్పేసి, మిల్టన్ వచ్చేదాకా గురక పెట్టి నిద్రపోయారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అమ్మయ్య అంటూ సోఫాలో కూర్చుని, టీ పెట్టమని నాకే పురమాయించింది.