చప్పుడు లేని కంపు

జగ్గయ్యపేటలో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో కోళ్ల వ్యర్థాలు పోస్తున్నారు. ఆ గాలికి మా చెల్లెలికి ఆయాసం ఎక్కువైంది. నందిగామలో లాయరైన మా తమ్ముడు ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చాడు. అందులో ‘నాయిసమ్’ అనే మాట వాడాడు. హాని చేసేది, కంపు కొట్టేది అని పాతకాలపు అర్థమట.

ఈ రోజు పొద్దున నేను పూజ ముగించేసరికి ఆ అర్జీ మీద విచారణకి మున్సిపల్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఐదు నిమిషాలు చెవులు రిక్కించి నిలబడ్డారు.

“చప్పుడేం లేదు కదమ్మా?”

“చప్పుడు కాదండీ, కంపు!”

“కంపు నాకూ కొడుతోందమ్మా. కానీ మీరు రాసింది నాయిస్ గురించి కదా. శబ్దం లేదని రాసేస్తున్నా.”

రాసుకుని వెళ్లిపోయారు. తమ్ముడికి ఫోన్ చేస్తే, “ఆ మాటకీ నాయిస్‌కీ సంబంధమే లేదక్కయ్యా! ఆయన్ని డిక్షనరీ చూసుకోమను” అన్నాడు.

“ఆయన చూసేదాకా చెల్లి ఊపిరి బిగబట్టుకోవాలేంట్రా?” అన్నాను. కోపం రానివ్వకు స్వామీ అని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని, ఈ రోజు వచ్చేసింది.

ఇప్పుడే కొత్త అర్జీ నేనే తెలుగులో రాశాను. ‘కంపుకి మా చెల్లెలికి ఊపిరాడటం లేదు.’ అంతే. ఇందులో ఇంకో అర్థం తీయడానికేమైనా సందుందా? చూసి చెప్పండి, రేపు పొద్దున్నే ఇచ్చి రావాలి.